అంతర్జాతీయ అభివృద్ధి పీజీ: ప్రకటనలు జూన్‌లో, గడువులు ఆగస్టులో

సంపాదకులకు నమస్కారం.

డిగ్రీ, బీటెక్ ఫలితాలు వచ్చే మే, జూన్ నెలల్లో తెలుగు పత్రికల విద్యా పేజీలు విదేశీ చదువుల కథనాలతో, కన్సల్టెన్సీల ప్రకటనలతో నిండిపోతాయి. ఇంజినీరింగ్, ఎంబీఏల సరసన ఈమధ్య ‘ఇంటర్నేషనల్ డెవలప్‌మెంట్’ (పేదరికం, అభివృద్ధి పథకాలు ఎలా పనిచేస్తాయో చదివే సబ్జెక్టు) ఎంఏ, ఎంఎస్సీ పేర్లు కూడా కనిపిస్తున్నాయి. ఏడాదిలో పూర్తవుతుంది, ఏ డిగ్రీ చదివినవారైనా చేరవచ్చు, ఐక్యరాజ్యసమితిలో ఉద్యోగం వస్తుంది అని చెబుతున్నారు. మొదటి రెండూ చాలావరకు నిజమే. మూడోది విద్యార్థులనూ తల్లిదండ్రులనూ తప్పుదోవ పట్టిస్తోంది. అంతకంటే పెద్ద నష్టం వేరే ఉంది. ఈ చదువుకు పూర్తి ఖర్చు భరించే స్కాలర్‌షిప్పుల దరఖాస్తులు, కోర్సులో చేరే సెప్టెంబరుకు ఏడాది ముందు ఆగస్టులో మొదలై, జనవరి నాటికి చాలావరకు ముగిసిపోతాయి. జూన్‌లో ఈ కోర్సు పేరు తొలిసారి విని ఆ సెప్టెంబరులోనే విమానం ఎక్కాలనుకునే విద్యార్థికి మిగిలేది చాలావరకు బ్యాంకు అప్పే. ఈ విషయం కాస్త వివరంగా రాయాల్సి వస్తోంది. ఇల్లో పొలమో తాకట్టు పెట్టే ముందు చూసుకోవాల్సిన లెక్కలు ఇందులో ఉన్నాయి కనుక, ఉత్తరం పొడవైనా ప్రచురించమని మనవి.

ఈ చదువు ఎలా పుట్టిందో చూస్తే ఎవరికి ఎక్కువ పనికొస్తుందో తెలుస్తుంది. నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ స్టడీస్ 1952లో ఏర్పడింది. మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఇప్పుడు గ్లోబల్ డెవలప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ అంటున్న విభాగం మూలాలు 1958 నాటివి. ససెక్స్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డెవలప్‌మెంట్ స్టడీస్ 1966లో మొదలైంది. వలస పాలన నుంచి అప్పుడప్పుడే బయటపడుతున్న దేశాల అధికారులకు, ప్రణాళికా శాఖల ఉద్యోగులకు పైచదువు చెప్పడమే ఆ తొలి రోజుల్లో ప్రధానమైన పని. కాలువ తవ్వించినా చివరి పొలానికి నీళ్లెందుకు చేరలేదు, బడి కట్టినా పిల్లలెందుకు నిలవలేదు అన్నవి చేతులు కాల్చుకుని తెలుసుకున్నవారు ఆ తరగతుల్లో కూర్చునేవారు. పాఠం చెప్పే పద్ధతి నేటికీ ఆ పునాది మీదే ఉంది. వారానికి ఎనిమిది, పది గంటలకు మించి తరగతులుండవు. మిగతాదంతా సొంతంగా చదవడం, సెమినార్‌లో వాదించడం. పక్క కుర్చీలో కెన్యా ఆరోగ్య శాఖలోనో, నేపాల్ స్వచ్ఛంద సంస్థలోనో నాలుగేళ్లు పనిచేసి వచ్చిన మనిషి ఉంటారు. నిన్నటిదాకా సెమిస్టర్ పరీక్షలు మాత్రమే రాసిన విద్యార్థి అక్కడ మాట్లాడటానికి ఏమీ లేక మౌనంగా మిగిలిపోవడం సర్వసాధారణం. తెలివి తక్కువై కాదు, చెప్పడానికి సరుకు లేక.

ఒక ఉదాహరణ. గ్రామస్థులే నేల మీద ముగ్గుపిండితో ఊరి పటం గీసి, గింజలు పేర్చి, ఏ ఇంట్లో ఎవరు ఎంత పేదలో తామే తేల్చే పద్ధతిని పీఆర్ఏ అంటారు. దాన్ని ప్రపంచానికి పరిచయం చేసినవారిలో ముఖ్యుడైన ససెక్స్ ఆచార్యుడు రాబర్ట్ చేంబర్స్ 1989–91 మధ్య హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీలో ఉండి పనిచేశారు. ఈ పద్ధతి మీద వచ్చిన విమర్శ కూడా ప్రతి కోర్సులోనూ పాఠమే: అందరి ముందు గీసే పటంలో సర్పంచి మాటే చెల్లుతుందని, వాడ చివరి ఇళ్లు పటంలోకి రావని, ఆడవాళ్లు వెనక వరుసలో నిలబడిపోతారని. మహబూబ్‌నగర్‌లోనో పాడేరులోనో ఒక్కసారైనా అలాంటి సమావేశంలో కూర్చున్నవారికి ఆ వాదం చటుక్కున అందుతుంది. కూర్చోనివారు దాన్ని కంఠస్థం చేస్తారు.

అందుకే మా మాట ఇది: ఈ పీజీని డిగ్రీ అయిన వెంటనే, అప్పు చేసి చదవకండి. రెండేళ్లు పనిచేసి, స్కాలర్‌షిప్పుతో చదవండి.

ముందు డబ్బు లెక్క. బ్రిటన్‌లో విదేశీ విద్యార్థికి ఈ కోర్సు ఫీజు ఎక్కువచోట్ల 20 వేల నుంచి 30 వేల పౌండ్ల మధ్య ఉంటోంది. మధ్యస్థంగా 23 వేలు అనుకుందాం. లండన్ బయట నెల ఖర్చుకు వీసా అధికారులు చూపించమనే మొత్తం 2025 నవంబరు నుంచి 1,171 పౌండ్లు. నిబంధన తొమ్మిది నెలలకే అడిగినా బతకాల్సింది పన్నెండు నెలలు కనుక 14,052. ఆరోగ్య సర్‌చార్జి ఏడాదికి 776. ఏడాది కోర్సుకు వీసా దాదాపు 16, 17 నెలలకు ఇస్తారు కాబట్టి ఏడాదిన్నరకు 1,164 కట్టించుకుంటారు. వీసా రుసుము 2025లో 524. అన్నీ కలిపితే 38,740 పౌండ్లు. పౌండు 115 రూపాయలనుకుంటే 44 లక్షల 55 వేలు. విమాన టికెట్లు, శీతకాలపు బట్టలు, ఇంటి అడ్వాన్సు ఇందులో లేవు. లండన్ అయితే నెలకు మరో 358 పౌండ్లు కలుపుకోవాలి.

ఇందులో 40 లక్షలు 11 శాతం వడ్డీకి పదేళ్ల గడువుతో తీసుకుంటే నెల వాయిదా సుమారు 55 వేలు. చదువు కాలంలోనూ, ఆ తర్వాత ఇచ్చే వెసులుబాటు కాలంలోనూ పేరుకునే వడ్డీ అసలుకు చేరితే వాయిదా ఇంకా పెరుగుతుంది. మన దేశంలో ఈ రంగంలో తొలి ఉద్యోగంలో చాలామందికి వచ్చే నెల జీతం ఆ వాయిదా దరిదాపుల్లోనే ఉంటుంది, తరచూ తక్కువే. ఇంజినీరింగ్ ఎంఎస్‌కు చేసే అప్పుతో దీన్ని పోల్చకూడదు. ఆ రంగం జీతాలు వేరు.

అక్కడే ఉండి సంపాదించి తీరుస్తామనే లెక్కా ఇప్పుడు కుదరడం లేదు. చదువు తర్వాత పని వెతుక్కోవడానికి ఇచ్చే గ్రాడ్యుయేట్ రూట్ వీసా రెండేళ్లది. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసే పీజీ విద్యార్థులకు దాన్ని 18 నెలలకు కుదించారు. ఆ తర్వాత స్కిల్డ్ వర్కర్ వీసాకు మారాలంటే 2025 జులై నుంచి సాధారణ జీత పరిమితి ఏడాదికి 41,700 పౌండ్లు. చదువు ముగించిన కొత్తవారికి కొంత తగ్గింపు ఉన్నా, స్వచ్ఛంద సంస్థల తొలి ఉద్యోగాల్లో ఆ జీతం, ఆ స్పాన్సర్‌షిప్ రెండూ కలిసి దొరకడం అరుదు. భార్యనో భర్తనో వెంట తీసుకెళ్లే వీలు కూడా 2024 జనవరి నుంచి పరిశోధన కోర్సుల వారికి, ప్రభుత్వ స్కాలర్‌షిప్పులతో వెళ్లేవారికే పరిమితమైంది.

ఇక స్కాలర్‌షిప్పులు. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవ్‌నింగ్ ఫీజు, జీవన భృతి, ప్రయాణ ఖర్చు అన్నీ భరిస్తుంది. దరఖాస్తులు ఆగస్టులో తెరిచి అక్టోబరు తొలి వారాల్లో మూసేస్తారు. అర్హత 2,800 గంటల పని అనుభవం: వారానికి 35 గంటల చొప్పున ఏడాదికి 40 వారాలు, రెండేళ్లు. జీతం లేని స్వచ్ఛంద సేవ, పార్ట్‌టైమ్ ఉద్యోగం కూడా లెక్కే. కాలేజీ కోర్సులో భాగంగా తప్పనిసరిగా చేసిన ఇంటర్న్‌షిప్ మాత్రం చెల్లదు. వారానికి 40 గంటల ఉద్యోగమైతే 70 వారాలకు, అంటే 16 నెలలకు ఆ గంటలు నిండుతాయి. చాలామంది దగ్గర అనుభవం ఉంటుంది కానీ దానికి కాగితం ఉండదు. ఏ సంస్థలో పనిచేసినా చేరిన తేదీ, మానిన తేదీ, వారానికి గంటలు రాసిన ఉత్తరం బయటికి వచ్చే రోజే తీసుకోవాలి. దరఖాస్తులో మూడు కోర్సులు ఎంచుకోవాలి, వాటిలో సీటుకు విడిగా దరఖాస్తు చేయాలి. చదువయ్యాక కనీసం రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న షరతు ఉంది.

ఇక్కడే మనవాళ్లకు ఎక్కువగా ఎదురయ్యే దెబ్బ ఒకటుంది. స్కాలర్‌షిప్పుకు ఎంపికైనా, జులైలో పెట్టే గడువుకల్లా విశ్వవిద్యాలయం నుంచి షరతుల్లేని ప్రవేశపత్రం చూపించాలి. ఆ పత్రం ఆగిపోయేది రెండు కారణాలతో. ఒకటి, ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్షలో స్కోరు. ఈ కోర్సులకు మొత్తం మీద 6.5 లేదా 7 అడుగుతారు, అందులో రైటింగ్‌లో అర మార్కు తగ్గి ఆగిపోయేవారు ఎక్కువ. రెండు, మన విశ్వవిద్యాలయాల నుంచి కన్సాలిడేటెడ్ మార్కుల మెమో, ఒరిజినల్ డిగ్రీ రావడంలో జాప్యం. దరఖాస్తు చేసిన శీతకాలంలోనే ఈ రెండూ చేతిలో ఉండేట్టు చూసుకోవాలి.

కామన్‌వెల్త్ మాస్టర్స్ స్కాలర్‌షిప్పుకు రెండు చోట్ల దరఖాస్తు పెట్టాలి. ఒకటి లండన్‌లోని కామన్‌వెల్త్ స్కాలర్‌షిప్ కమిషన్ పోర్టల్‌లో, మరొకటి మన కేంద్ర విద్యాశాఖ పోర్టల్‌లో. కేంద్రం వంటి అధీకృత సంస్థ పేరు పంపితేనే కమిషన్ పరిశీలిస్తుంది. మొదటిది నింపి రెండోది మరిచిపోయిన దరఖాస్తు ఎంత బాగున్నా ఎవరూ చూడరు. కామన్‌వెల్త్ షేర్డ్ స్కాలర్‌షిప్పు వేరు. దానిలో కమిషన్ ప్రకటించిన జాబితాలోని కోర్సులకే డబ్బిస్తారు, కాబట్టి ముందు జాబితా చూసి తర్వాత కోర్సు ఎంచుకోవాలి. జర్మనీ డాడ్ సంస్థ ఇచ్చే ఈపోస్ స్కాలర్‌షిప్పుకు రెండేళ్ల ఉద్యోగానుభవం కావాలి, చివరి డిగ్రీ పొంది ఆరేళ్లు దాటకూడదు. దానిలో ఎక్కువ కోర్సుల గడువులు ఆగస్టు నుంచి అక్టోబరు మధ్యే. అనుభవం లేనివారికి కూడా ద్వారం తెరిచి ఉండేది యూరోపియన్ యూనియన్ ఇచ్చే ఎరాస్మస్ ముండస్‌లో: రెండేళ్లు, నెలకు 1,400 యూరోలు, ఫీజు లేదు. చెక్ దేశంలోని ఒలొమౌత్స్, ఫ్రాన్స్‌లోని క్లెర్మోన్, ఇటలీలోని పావియా విశ్వవిద్యాలయాలు కలిసి నడిపే గ్లోడెప్ కోర్సు సరిగ్గా ఈ సబ్జెక్టుదే. ఈ తరహా కోర్సుల దరఖాస్తులు ఎక్కువగా అక్టోబరు–జనవరి మధ్య.

తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల వరకు సాయం ఉంది, బీసీలకు, మైనారిటీలకు అలాంటి పథకాలే ఉన్నాయి. అంబేద్కర్ విద్యానిధిలో సాంఘిక శాస్త్రాలు చదివినవారూ అర్హులే. కానీ సాయం కొన్ని దేశాలకే పరిమితం. హేగ్‌లోనో ఒలొమౌత్స్‌లోనో సీటు వచ్చాక జాబితా తిరగేస్తే లాభం లేదు.

కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ గురించి గట్టిగా చెప్పాల్సింది ఉంది. ఏటా 125 మందికి ఇస్తారు, అందులో 115 ఎస్సీ విద్యార్థులకు. కుటుంబ ఆదాయం 8 లక్షలు దాటకూడదు, డిగ్రీలో 60 శాతం ఉండాలి, వయసు 35 లోపు. 2022లో ఆ శాఖ మార్గదర్శకాల్లో ఒక వాక్యం చేర్చింది: భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సమాజం మీద చేసే సామాజిక అధ్యయనాలకు ఈ స్కాలర్‌షిప్ వర్తించదని. అభివృద్ధి అధ్యయనాల విద్యార్థికి ఇది నేరుగా తగులుతుంది. తన వాడ గురించి, భూమి గురించి, కూలి గురించి అడగదలచుకున్న ప్రశ్నను తన దేశానికి కాకుండా మరో దేశానికి అన్వయించి రాసుకుంటే తప్ప దరఖాస్తు నిలవని పరిస్థితి. ఈ దేశపు అంటరానితనాన్ని, పేదరికాన్ని ప్రపంచంలోని మంచి గ్రంథాలయాల్లో కూర్చుని పరిశీలించే అవకాశం ఎవరికి అన్నిటికంటే ముందు దక్కాలో వారికే దాన్ని మూసేయడం అన్యాయం. ఆ వాక్యాన్ని తొలగించమని మన రాష్ట్రాల ఎంపీలు పార్లమెంటులో పట్టుబట్టాలి. అంతవరకూ దరఖాస్తుదారులు కోర్సు పేరు, పరిశోధనాంశం రాసే ముందు ఆ ఏడాది మార్గదర్శకాలను అక్షరం అక్షరం చదువుకోవాలి.

కోర్సు ఎంపికలో జరిగే పొరపాట్లు తక్కువేం కాదు. ‘డెవలప్‌మెంట్ స్టడీస్’, ‘ఇంటర్నేషనల్ డెవలప్‌మెంట్’, ‘గ్లోబల్ డెవలప్‌మెంట్’ దాదాపు ఒకటే: రాజకీయం, ఆర్థికం, సమాజశాస్త్రం కలగలిపిన చదువు. ‘డెవలప్‌మెంట్ ఎకనామిక్స్’ పూర్తిగా వేరు. అందులో కాలిక్యులస్, ఎకనోమెట్రిక్స్ రాకపోతే మొదటి టర్మ్‌లోనే మునిగిపోతారు. ‘డెవలప్‌మెంట్ మేనేజ్‌మెంట్’ అంటే ప్రాజెక్టు ప్రణాళిక, బడ్జెట్, పర్యవేక్షణ. కోర్సు పేరు కాదు, తప్పనిసరి మాడ్యూళ్ల (పాఠ్యాంశాల) జాబితా చూడండి. గణాంకాల మాడ్యూల్ తప్పనిసరిగానో ఐచ్ఛికంగానో లేని కోర్సును వదిలేయడం మంచిది. ఉద్యోగాల ప్రకటనల్లో మొదట అడిగేది అదే.

ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నామో చెబుతూ దరఖాస్తుకు రాసే వ్యాసం, అంటే ఎస్‌ఓపీ గురించి. కన్సల్టెన్సీలు రాసిచ్చేవన్నీ ఒకే అచ్చు: ‘చిన్నప్పటి నుంచి నా చుట్టూ పేదరికం చూసి చలించిపోయాను’ అని మొదలై, ప్రపంచ శాంతితో ముగుస్తాయి. ప్రవేశాల కమిటీ ముందు అలాంటివి వందలు ఉంటాయి. దానికి బదులు ఒక ప్రశ్న తీసుకోండి, ఒక చోటు తీసుకోండి. ఉదాహరణకు, ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006లోనే పద్ధతిగా మొదలుపెట్టింది. గ్రామసభలో తప్పులు బయటపడతాయి, కాగితం మీదికి ఎక్కుతాయి. దుర్వినియోగమైందని తేలిన సొమ్ము మాత్రం తిరిగి వసూలు కావడం కష్టం. ఎందుకు? తేల్చే సంస్థ ఒకటి, చర్య తీసుకునే అధికారి మరొకరు కావడం వల్లా? ఈ ప్రశ్నను రెండు పేరాల్లో పెట్టి, దానికి సమాధానం వెతకడానికి ఆ కోర్సులో ఏ మాడ్యూల్ ఎలా తోడ్పడుతుందో మూడో పేరాలో రాస్తే, చదివేవారికి ఒక మనిషి కనిపిస్తారు.

చేరాక ఏం జరుగుతుందో కూడా ముందే తెలియాలి. బ్రిటన్‌లో మాస్టర్స్ అంటే 180 క్రెడిట్లు: 120 తరగతులకు, 60 చివర రాసే పరిశోధన వ్యాసానికి, అంటే డిసర్టేషన్‌కు. ఒక్కో క్రెడిట్‌కు పది గంటల శ్రమ లెక్క, మొత్తం 1,800 గంటలు. యాభై వారాలకు పంచితే వారానికి 36 గంటలు. వీసా ప్రకారం వారానికి 20 గంటలు పని చేసుకోవచ్చు. రెండూ కలిపితే 56. వాయిదాల భయంతో ఆ 20 గంటలూ హోటల్లోనో గోదాములోనో గడిపినవారికి కోతపడేది చదవాల్సిన సమయమే. మరో చిక్కు: మాస్టర్స్ విద్యార్థులకు జూన్ నుంచి సెప్టెంబరు దాకా వేసవి సెలవులు కావు, అది డిసర్టేషన్ కాలం. అప్పుడూ 20 గంటల పరిమితే. డిగ్రీ విద్యార్థులను చూసి వేసవిలో పూర్తి సమయం పనిచేస్తే వీసా షరతు ఉల్లంఘించినట్టే.

మార్కులు చూసి కంగారు పడవద్దు. అక్కడ 50 వస్తే పాస్, 60 వస్తే మెరిట్, 70 వస్తే డిస్టింక్షన్. మన దగ్గర 85 తెచ్చుకున్న విద్యార్థికి తొలి వ్యాసానికి 54 రావడం మామూలే. వ్యాసం మూడు నుంచి ఐదు వేల పదాలుంటుంది. 54కి కారణం ఇంగ్లిష్ కాదు. ‘డ్వాక్రా సంఘాలు మహిళలకు సాధికారత ఇచ్చాయా’ అన్న ప్రశ్నకు మన విద్యార్థి సంఘాలు ఎప్పుడు మొదలయ్యాయి, ఎన్ని ఉన్నాయి, పథకాలేమిటి అని పేజీలు నింపుతారు. 1992 నాటి నెల్లూరు సారా వ్యతిరేక ఉద్యమంతో మొదలుపెట్టి విజయగాథతో ముగిస్తారు. అడిగింది అది కాదు. సంఘంలో చేరినవారు చేరనివారికంటే ముందే చొరవగలవారైతే, తర్వాత కనిపించిన తేడా సంఘం వల్ల వచ్చిందని ఎలా చెప్పగలం? అప్పు ఆమె పేరున ఉన్నా, ఖర్చు ఎక్కడ పెట్టాలో తేల్చింది ఎవరు? వాయిదా రోజు డబ్బు లేనప్పుడు ఆమె ఎవరి దగ్గరికి వెళ్లింది? వారం వారం పొదుపు కట్టలేక సంఘంలోంచి జారిపోయిన నిరుపేద ఏ లెక్కలోకి వస్తుంది? ఈ ప్రశ్నల్లో ఒకదాన్ని పట్టుకుని, ఒకరితో ఒకరు విభేదించే ముగ్గురు నలుగురు పరిశోధకుల ఆధారాలను తూచి, తాను ఎటువైపో చెప్పి నిలబడితే 65 పైన వస్తుంది. అందరూ అన్నది పోగేస్తే రాదు.

తెలుగు విద్యార్థులకు ఇందులో గొప్ప అనుకూలత ఉంది, అది చాలామందికి తెలియదు. ప్రపంచంలో ఈ సబ్జెక్టు చదివేవారు మన ఊళ్ల గురించే చదువుతారు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ (అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ) 1975లో ఆరు గ్రామాల్లో ఇంటింటి ఆదాయం, ఖర్చు, పంట, అప్పు ఏళ్ల తరబడి నమోదు చేయడం మొదలుపెట్టింది. వాటిలో రెండు ఉమ్మడి పాలమూరు జిల్లావి, ఔరేపల్లె, దోకూరు. పంట పోయిన ఏడాది ఆదాయం కూలినా తిండి ఖర్చు ఆ స్థాయిలో ఎందుకు కూలదు, పల్లెలో బీమా కంపెనీ చేయని పని ఎవరు చేస్తున్నారు అన్న చర్చకు ఆ లెక్కలే ముడిసరుకు. యంగ్ లైవ్స్ అధ్యయనం 2002 నుంచి నాలుగు దేశాల్లో 12 వేల మంది పిల్లల జీవితాలను వెంబడిస్తోంది. అందులో 3 వేల మంది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లలు. సూక్ష్మరుణాల ప్రభావం మీద ఎక్కువగా చర్చకు వచ్చే పరిశోధనల్లో ఒకటి హైదరాబాద్‌లోని 104 బస్తీల్లో జరిగింది. ఉపాధి కూలి, పింఛన్ల స్మార్ట్‌కార్డుల ప్రయోగం 157 మండలాల్లో, కోటి తొంభై లక్షల మంది మధ్య సాగింది. 2010 అక్టోబరులో మన రాష్ట్రం తెచ్చిన మైక్రోఫైనాన్స్ ఆర్డినెన్సు మీద నేటికీ వాదన నడుస్తోంది. తెలుగు చదవగలిగి, ఆ మండలాల మాట తీరు తెలిసినవారు అందులో కొత్తగా చెప్పగలిగింది ఎంతో ఉంది.

కానీ డిసర్టేషన్‌కు పరుగున ఊరికొచ్చి ఇంటర్వ్యూలు చేద్దామనుకోవడం ప్రమాదం. చేతిలో ఉండేది పది పన్నెండు వారాలు, రాయాల్సింది 10 నుంచి 15 వేల పదాలు. మనుషులను ప్రశ్నించే పరిశోధనకు నైతిక అనుమతి కావాలి. మార్చిలోగా దరఖాస్తు పెట్టకపోతే జూన్‌కు రాదు. అనుమతి లేకుండా సేకరించిన సమాచారాన్ని వాడనివ్వరు. ప్రయాణానికి వేరే రిస్క్ పత్రం, వీసా స్పాన్సర్‌గా విశ్వవిద్యాలయానికి ముందస్తు సమాచారం కూడా అవసరం. ఇరవై మందితో ముప్పావు గంట చొప్పున మాట్లాడితే 15 గంటల రికార్డింగు. గంట మాటలను కాగితం మీద పెట్టడానికి ఆరు గంటలు పడుతుంది, అంటే 90 గంటలు. తెలుగు నుంచి ఇంగ్లిష్ అనువాదం దానికి అదనం. సగంలో సమయం అయిపోయి, ముడి మాటలను విశ్లేషణ లేకుండా అతికించిన డిసర్టేషన్లు బోర్డర్ మార్కులతో బయటపడతాయి. ఏడాది కోర్సుకు ఉన్న సమాచారాన్ని వాడుకోవడమే క్షేమం. యంగ్ లైవ్స్ లెక్కలు యూకే డేటా సర్వీస్‌లో నమోదు చేసుకుంటే ఉచితం. మన గణాంక మంత్రిత్వ శాఖ పోర్టల్‌లో 2022–23, 2023–24 గృహ వినియోగ వ్యయ సర్వేలు, కార్మిక సర్వేలు ఇంటి స్థాయి వరకు దొరుకుతాయి. ఏ సమాచారమైనా అంశం ఖాయం చేసుకునే ముందే డౌన్‌లోడ్ చేసి తెరిచి చూడాలి. అమెరికా నిధులతో పలు దేశాల్లో జనాభా, ఆరోగ్య సర్వేలు నడిపిన డీహెచ్‌ఎస్ కార్యక్రమం 2025 ఫిబ్రవరిలో ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆ సైట్ మీద ఆధారపడి అంశం ఎంచుకుని, అప్పటికి సమాచారం తీసుకోనివారు ఇరుకున పడ్డారు.

ఉద్యోగాల సంగతి దాచడం మంచిది కాదు. అమెరికా సాయ సంస్థ యూఎస్ ఎయిడ్ పనులను 2025 జులై 1న విదేశాంగ శాఖలో కలిపేశారు. బ్రిటన్ తన విదేశీ సాయాన్ని జాతీయాదాయంలో 0.5 శాతం నుంచి 2027కల్లా 0.3కు తగ్గిస్తామని ప్రకటించింది. ఆ డబ్బుతో నడిచే సంస్థలు సిబ్బందిని తొలగిస్తున్నాయి. అనుభవజ్ఞులే వరుసలో నిలబడ్డప్పుడు కొత్తవారి వంతు వెనక్కి పోతుంది. ఐక్యరాజ్యసమితి యువ అధికారుల పరీక్షకు వయసు 32 దాటకూడదు, పైగా ఆ ఏడాది పిలిచిన దేశాల జాబితాలో మన దేశం ఉండాలి. అక్కడి జేపీఓ (జూనియర్ ప్రొఫెషనల్ ఆఫీసర్) పోస్టులకు ధనిక దేశాలు డబ్బిస్తాయి, ఎక్కువగా తమ పౌరులకే. ఐక్యరాజ్యసమితి సచివాలయంలో ఇంటర్న్‌షిప్పులకు జీతం లేదు.

మన రాష్ట్రాల్లో విదేశీ నిధుల కాలం ముందే మారింది. 1999లో బ్రిటన్ డబ్బుతో అనంతపురం, కర్నూలు, ప్రకాశం, నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వాటర్‌షెడ్ల ఆధారంగా జీవనోపాధుల పథకం నడిచినప్పుడు ఉన్న తరహా కొలువులు ఇప్పుడు లేవు. 2020 సవరణతో విదేశీ విరాళాల చట్టం ఒక సంస్థ మరో సంస్థకు ఆ నిధులు బదలాయించడాన్ని నిషేధించి, పరిపాలన ఖర్చును 50 నుంచి 20 శాతానికి దించింది. జీతాల్లో చాలా భాగం ఆ పద్దులోకే వస్తుంది కనుక చిన్న సంస్థల ఉద్యోగాలు కుంచించుకుపోయాయి. ఇప్పుడు పని దొరికేది ప్రభుత్వ మిషన్లలో, కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద వచ్చే సీఎస్సార్ (కంపెనీల సామాజిక బాధ్యత) నిధుల్లో, మూల్యాంకన సంస్థల్లో. స్టాటా లేదా ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో లెక్క చేయగలగడం, ప్రశ్నావళి తయారుచేసి పల్లెలో సర్వే బృందాన్ని నడపగలగడం, తెలుగు చక్కగా రావడం, ఈ మూడూ కలిసిన మనిషికి గిరాకీ ఉంది.

ఆ మూడూ ఇక్కడే నేర్చుకోవచ్చు. ఐఐటీ హైదరాబాద్‌లో, హైదరాబాద్ టిస్ (టాటా సామాజిక శాస్త్రాల సంస్థ)లో, బెంగళూరు అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయంలో పీజీలు ఉన్నాయి. చివరిదానిలో కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజు, వసతి, భోజనం పూర్తిగా మాఫీ చేసే ఏర్పాటు ఉంది. రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఎన్‌ఐఆర్‌డీ ఉంది. పల్లెలో పని రుచి చూడటానికి ఎస్‌బీఐ యూత్ ఫర్ ఇండియా 13 నెలల ఫెలోషిప్ ఇస్తుంది. ఆ అనుభవం చీవ్‌నింగ్ గంటల్లో సగానికి పైగా పూడ్చేస్తుంది. అప్పు చేయకుండా తన సత్తా తేల్చుకోవాలంటే అభివృద్ధి విధానాల మీద అమెరికాలోని ఎంఐటీ వారి ఆన్‌లైన్ మైక్రోమాస్టర్స్ కోర్సులు ఉన్నాయి. పాఠాలు ఉచితం, పరీక్ష ఫీజు ఆదాయాన్ని బట్టి. అందులో గణాంకాల పేపరు గట్టెక్కినవారికి ఏ దేశంలోనైనా మొదటి టర్మ్ భయం ఉండదు.

చివరిగా మీకు ఒక విన్నపం. ఏటా ఆగస్టు మొదటి ఆదివారం విద్యా పేజీలో ఒక్క పట్టిక వేయండి: స్కాలర్‌షిప్ పేరు, ఆ ఏడాది గడువు తేదీ, ఎంత డబ్బు, ఎన్ని గంటల అనుభవం కావాలి, ఏ దేశాలకు వర్తిస్తుంది. జిల్లా ఎడిషన్లలోనూ వేయండి. ఎందుకంటే అమీర్‌పేట కోచింగ్ సెంటర్లకు దూరంగా, ఏటూరునాగారంలోనో మడకశిరలోనో ఓ స్వచ్ఛంద సంస్థలో రెండో ఏడాది పనిచేస్తున్నవారే వీటికి అసలైన అర్హులు. సెప్టెంబరు చివరి వారంలో మళ్లీ ఒకసారి అదే పట్టికను, చీవ్‌నింగ్ ముగియకముందే, కేంద్ర విద్యాశాఖ పోర్టల్ తేదీని సరిచూసి వేస్తే చాలు.

ఇట్లు,
అభివృద్ధి అధ్యయనాలు బోధించే కొందరు అధ్యాపకులు,
హైదరాబాద్